మిరప మడుల లెక్కకి ఎక్సెలా, పైథానా?

రీసెర్చ్ టూల్స్ రాసే ఇంజనీరుకి మొదటి తగువు ఇదే. గుంటూరు పక్కన లాం ఫారంలో మిరప ప్రయోగం అనుకోండి: 12 రకాలు, 3 రెప్లికేషన్లు (అంటే ఒక్కో రకాన్నీ మూడేసి మడుల్లో వేయడం), 36 మడులు.

ఎక్సెల్ అయితే ఎవరికీ నేర్పక్కర్లేదు. కానీ మడి నంబరు 2-5 (రెండో రెప్లికేషన్‌లో ఐదో మడి) అని కొట్టగానే 02-మే అయి కూర్చుంటుంది. ఆనక టెక్స్ట్‌గా మార్చినా 2-5 తిరిగి రాదు, ఐదంకెల సంఖ్యొకటి వస్తుంది. ఈ తారీఖుల గోల పడలేకే మార్చ్1 అనే జన్యువు పేరును మార్చ్‌ఎఫ్1 చేశారు మరి!

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అయితే లెక్కలో ప్రతి అడుగూ స్క్రిప్టులో (రాసిపెట్టుకున్న ఆదేశాల ఫైల్లో) ఉంటుంది, వచ్చే సీజన్‌కీ అదే నడుస్తుంది. దానికీ ఓ తిక్క ఉంది: ఎన్ఏ అని రాసిన గడిని పాండాస్ (పైథాన్‌లో పట్టికల కోసం వాడే లైబ్రరీ) ఖాళీ కింద జమకడుతుంది.

సైంటిస్టు చేతిలో షీటు లాక్కోకండి. ఎంట్రీ ఎక్సెల్‌లోనే, కాకపోతే 2-5 బదులు ఆర్2పీ5 అని రాయించండి. సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేశాక లెక్కలన్నీ స్క్రిప్టుకే.