ఎక్సెల్ పివట్ టేబుల్‌తో మార్కుల విశ్లేషణ: ఎంతవరకు నమ్మొచ్చు?

బడిలో గణన చిహ్నాలు గీసి వేసే పౌనఃపున్య విభాజన పట్టికను (ఏ మార్కులు ఎంతమందికి వచ్చాయో చూపేది) ఎక్సెల్ పివట్ టేబుల్ (డేటాను గుంపులుగా లెక్కించి పట్టిక వేసే సాధనం) 200 మంది మార్కులకైనా నిమిషంలో వేసిపెడుతుంది. అయితే దాని సొంత ఎంపికలను అలాగే వదిలేస్తే లెక్క తప్పుతుంది.

ఇన్సర్ట్‌లో పివట్ టేబుల్ తెరిచి, మార్కుల కాలమ్‌ను రోస్‌లో, హాల్ టికెట్ నంబర్ల కాలమ్‌ను వాల్యూస్‌లో వేయాలి. అవి అంకెలే కాబట్టి ఎక్సెల్ వాటిని కూడేస్తుంది. సమ్ తీసి కౌంట్ పెట్టండి. మార్కులనే వాల్యూస్‌లోనూ వేస్తే ఖాళీ గడులు లెక్కకు రావు, మొత్తం తగ్గిపోతుంది.

మార్కుల మీద రైట్ క్లిక్ చేసి గ్రూప్ ఎంచుకుని 0 నుంచి 100 వరకు, తరగతి అంతరం (ఒక్కో మార్కుల గుంపు వెడల్పు) 5 ఇవ్వండి. 10 ఇస్తే 30-39లో పాసైనవాళ్లూ (35 పాస్ మార్కు అయితే) తప్పినవాళ్లూ కలిసిపోతారు. రానివాళ్లకు 'ఏబీ' అని రాసి ఉంటే గ్రూప్ చేయడానికే ఒప్పుకోదు. ఆ వరుసలను వేరే షీట్‌లోకి మార్చి, రిఫ్రెష్ చేశాక మళ్లీ ప్రయత్నించాలి. ఎవరూ లేని మార్కుల తరగతులను పట్టికలోంచి తీసేయడం దీని పెద్ద లోపం. గ్రాఫ్‌లో ఆ ఖాళీ కనపడక విభాజనం ఆకారమే మారిపోతుంది. ఫీల్డ్ సెట్టింగ్స్‌లో 'షో ఐటమ్స్ విత్ నో డేటా' టిక్ పెట్టాలి. ఆరోహణ సంచిత పౌనఃపున్యానికి (కింది తరగతి నుంచి కలుపుకుంటూ వచ్చే మొత్తానికి) 'రన్నింగ్ టోటల్ ఇన్' ఉంది, బాగా పనిచేస్తుంది.

క్రాస్ టాబ్‌కు (రెండు అంశాలను వరుసలు, నిలువులుగా పోల్చే పట్టికకు) మీడియంను రోస్‌లో, ఫలితాన్ని కాలమ్స్‌లో వేస్తే చాలు. శాతాల దగ్గరే జాగ్రత్త కావాలి. తెలుగు మీడియంలో 80 మందికి 60 మంది, ఇంగ్లిష్ మీడియంలో 120 మందికి 90 మంది పాసయ్యారనుకుందాం. రో టోటల్ శాతం (ఆ మీడియం మొత్తంలో పాసైనవాళ్ల వాటా) తీస్తే రెండూ 75. కాలమ్ టోటల్ శాతం (పాసైనవాళ్లందరిలో ఆ మీడియం వాటా) తీస్తే 40, 60 వస్తాయి. అది చూసి ఇంగ్లిష్ మీడియం మెరుగనుకుంటే పిల్లలకు అన్యాయం జరుగుతుంది. పోల్చాల్సిన గుంపులు వరుసల్లో ఉంటే రో శాతమే తీయాలి. 'తెలుగు' పక్కన ఒక స్పేస్ ఎక్కువున్నా అది వేరే వరుసగా వస్తుంది, ముందే ట్రిమ్ ఫంక్షన్‌తో ఎక్కువ స్పేస్‌లు తీసేసుకోండి.

కై వర్గ పరీక్ష (రెండు అంశాలకు సంబంధం ఉందా, తేడా యాదృచ్ఛికమా అని చూసేది) మాత్రం పివట్‌లో లేదు. ప్రతి గడికీ వరుస మొత్తాన్ని నిలువు మొత్తంతో గుణించి, అందరి మొత్తంతో భాగించి, ఆశించిన సంఖ్యల పట్టికను పక్కన వేసుకోవాలి. ఆ తర్వాతే కైస్క్వేర్ టెస్ట్ (CHISQ.TEST) ఫంక్షన్ పనికొస్తుంది.

మార్కులు దిద్దిన ప్రతిసారీ రిఫ్రెష్ నొక్కాలి, చాలా ఎక్సెల్ వెర్షన్లలో పివట్ దానంతటది మారదు. కొత్త వరుసలు చేరేలా ఉంటే, పివట్ వేయకముందే డేటాను కంట్రోల్-టీతో టేబుల్‌గా మార్చుకోండి.