తిలక్ రోడ్డు డిజిటల్ సంతకం షాపు: పనికి నాలుగు స్టార్లు, మాటలకు ఒకటి

టెండర్లకు క్లాస్ 3 డిజిటల్ సంతకం కావాలని తిరుపతి తిలక్ రోడ్డులో ఒక షాపుకెళ్లాను. వీడియో వెరిఫికేషన్ దగ్గరుండి చేయించారు. నా పాత ల్యాప్‌టాప్‌లో టోకెన్ (సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం) డ్రైవర్ మొరాయిస్తే అక్కడి కుర్రాడు విసుక్కోకుండా సరిచేశాడు.

బిల్లు దగ్గరే పేచీ. ‘క్వాంటమ్ ప్రూఫ్’, అంటే క్వాంటమ్ కంప్యూటర్ కూడా ఛేదించలేనిది అని అదనంగా వేశారు. సర్టిఫికెట్ తెరిచి చూపించమన్నాను. ఎప్పటినుంచో వాడే ఆర్‌ఎస్‌ఏ 2048 సంతకం పద్ధతి అనే ఉంది! పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే షోర్ అనే గణిత పద్ధతికి లొంగిపోయేది అదే కదా. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఖరారు చేసిన, క్వాంటమ్‌ను తట్టుకునే సంతకం పద్ధతి ఎంఎల్-డీఎస్ఏ ఉంటే ఆ మాట చెల్లేది. ఓనర్ నవ్వేసి ఆ మొత్తం కొట్టేశాడు.

సంతకానికైతే మామూలుదే తీసుకోండి, గడువు తీరి రెండు మూడేళ్లకు ఎలాగూ మార్చాలి. ఎన్‌క్రిప్షన్‌కు (ఫైళ్లను ఇతరులు చదవకుండా తాళం వేయడానికి) వాడేవాళ్లే ఆలోచించాలి: ఈరోజు ఫైలు కాజేసినవాడు పదేళ్లు ఆగి, పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వచ్చాకైనా తెరవొచ్చు.

పార్కింగ్ మాత్రం దొరకదు.