పాలీసిస్టిక్ లివర్ ప్రత్యేక క్లినిక్: ఏ చికిత్స ఎందుకు వద్దో కూడా చెప్పే సేవ

కాలేయం నిండా నీటి తిత్తులు పెరిగే పాలీసిస్టిక్ లివర్ వ్యాధి మా అమ్మ నుంచి అక్కకూ నాకూ వచ్చింది. ఏ చికిత్స తీసుకోవాలో, అసలు ఇప్పుడే తీసుకోవాలో వద్దో తేల్చుకోవడానికి మేమిద్దరం వెళ్లిన ఒక ప్రత్యేక క్లినిక్ సేవల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. పెద్ద ఆసుపత్రిలో భాగంగా నడిచే ఈ క్లినిక్‌లో లివర్ వైద్యురాలు, రేడియాలజిస్టు, సర్జన్, పోషకాహార నిపుణురాలు ఒకే కేసును కలిసి పరిశీలించి, తమ ఉమ్మడి అభిప్రాయాన్ని రాతపూర్వకంగా ఇస్తారు. మనకు సరిపడే చికిత్సతో పాటు సరిపడనివి ఏవో, ఎందుకు సరిపడవో కూడా ఆ కాగితంలో విడమరచి రాస్తారు. ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది అదే.

ఈ జబ్బుతో బతికేవారికి ఎదురయ్యే పెద్ద చిక్కు ఏమిటంటే, కాలేయం ఎంత పెరిగినా దాని పనితీరు చాలావరకు చెక్కుచెదరదు. కాలేయ పనితీరును తెలిపే బిలిరుబిన్, అల్బుమిన్ మామూలుగానే ఉంటాయి. జీజీటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైములు మాత్రం కొంత పెరిగి కనిపించవచ్చు. అందువల్ల నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందనీ, వంగితే ఊపిరాడడం లేదనీ, పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నాననీ చెప్పినా, ‘రక్తపరీక్షలు బాగానే ఉన్నాయి కదా’ అన్న జవాబే నాకు చాలాచోట్ల దొరికింది. ఈ క్లినిక్‌లో మాత్రం మొదటి పని ఆ బాధలను నమోదు చేయడమే. ఈ వ్యాధి కోసమే రూపొందించిన లక్షణాల ప్రశ్నావళిని ఇచ్చి, ఆకలి, ఆయాసం, నొప్పి, అలసట, ఒంటి ఆకారం గురించిన దిగులు ఏ మేరకు ఉన్నాయో మనచేతనే రాయిస్తారు. మళ్లీ వెళ్లినప్పుడు అవే ప్రశ్నలు అడిగి, రెండింటినీ పోల్చి చూస్తారు.

రెండో పని కొలత. తిత్తుల సంఖ్యను ఇక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఎమ్మారైలో ఒక్కొక్క పొరలో కాలేయం అంచును గీతతో గుర్తించి, అన్ని పొరలనూ కలిపి మొత్తం పరిమాణాన్ని లెక్కగట్టి, దాన్ని ఎత్తుతో భాగిస్తారు. మీటరు ఎత్తుకు 1600 మిల్లీలీటర్ల లోపు ఉంటే స్వల్పమనీ, 3200 దాటితే తీవ్రమనీ వాడుకలో ఉన్న ఒక వర్గీకరణ. రేడియాలజిస్టు నా స్కాన్‌ను తెర మీద పెట్టి, తెల్లగా మెరుస్తున్న తిత్తుల మధ్య సన్నని బూడిదరంగు పట్టీలుగా మిగిలిన మంచి కాలేయాన్ని చూపించారు. ఎడమవైపు నలిగి, చీలికలా కనిపిస్తున్నది నా జీర్ణాశయమని చెప్పారు. ఎన్నేళ్లుగానో నేను మాటల్లో చెప్పలేకపోయిన బాధకు కారణం నా కళ్ల ఎదుట కనిపించినందుకు ఆయనకు కృతజ్ఞురాలిని.

పోషకాహార నిపుణురాలు బరువు తూచే యంత్రాన్ని పక్కన పెట్టి, నా మోచేతికీ భుజానికీ మధ్య టేపుతో చుట్టుకొలత తీసుకున్నారు. తిత్తుల్లోని నీటి బరువు కలవడం వల్ల, కండ కరిగిపోతున్నా మొత్తం బరువు తగ్గినట్టు కనిపించదని ఆవిడ వివరించారు. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినమన్న సలహా కొత్తదేమీ కాకపోయినా, కండ తగ్గడాన్ని కూడా చికిత్స నిర్ణయంలో ఒక అంశంగా లెక్కించడం నేను ఇక్కడే చూశాను.

ఇక చికిత్సల విషయం. అక్కకూ నాకూ ఉన్నది ఒకే జబ్బు అయినా మాకు ఇచ్చిన సలహాలు వేరు. అక్క బాధలో చాలా భాగానికి ఒక్క పెద్ద తిత్తే కారణం కాబట్టి, సూదితో అందులోని నీటిని తీసి, ఆల్కహాల్ వంటి మందుతో లోపలి పొరను నిర్వీర్యం చేసే స్క్లీరోథెరపీని సూచించారు. నీటిని తీసి ఊరుకుంటే అది మళ్లీ నిండుతుందనీ, మందు వాడినా మొదట్లో కొంత నీరు చేరి కనిపించవచ్చనీ, పూర్తి ఫలితం తెలియడానికి ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ పట్టవచ్చనీ ముందే చెప్పారు. ఈ మాట ముందుగా వినకపోయి ఉంటే, తర్వాతి స్కాన్ చూసి అక్క చికిత్స విఫలమైందని కుంగిపోయేది.

నా కాలేయంలో ఉన్నవన్నీ చిన్నవీ మధ్యరకానివీ, అంతటా పరచుకున్నవీ కావడంతో స్క్లీరోథెరపీ వల్ల ఉపయోగం లేదన్నారు. తిత్తుల పైకప్పును కోసి తెరిచే ఫెనెస్ట్రేషన్ గురించి సర్జన్ ఎంతో ఓపికగా మాట్లాడారు. పైకి తేలి ఉన్న కొన్ని పెద్ద తిత్తులకు అది బాగా పనికివస్తుందనీ, నాలాంటి కాలేయంలో కొద్దికాలానికే పక్క తిత్తులు ఆ చోటును ఆక్రమిస్తాయనీ, పైగా ప్రతి ఆపరేషన్ తర్వాతా కడుపులో ఏర్పడే అతుకులు రేపటి కాలేయ మార్పిడిని కష్టతరం చేస్తాయనీ వివరించారు. ఆపరేషన్ చేయడమే వృత్తిగా ఉన్న వ్యక్తి ఆపరేషన్ వద్దని ఇంత వివరంగా చెప్పడం వల్ల నాకు ఈ బృందం మీద గట్టి నమ్మకం కుదిరింది.

నాకు మిగిలినవి లాన్రియోటైడ్ ఇంజెక్షన్, వేచి చూడడం. సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ తరహాకు చెందిన ఈ మందు తిత్తుల గోడల్లోని కణాలు నీటిని స్రవించడాన్ని తగ్గిస్తుంది. 2009లో ప్రచురితమైన పరీక్షలో, 24 వారాల పాటు నెలనెలా ఇది తీసుకున్నవారి కాలేయ పరిమాణం సగటున 2.9 శాతం తగ్గగా, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 1.6 శాతం పెరిగింది. ఈ అంకెలను వైద్యురాలు అలంకరించకుండా చెప్పారు: తగ్గుదల కొద్దిపాటిదే, యువతుల్లో ప్రయోజనం ఎక్కువగా కనబడింది, మందు ఆపితే కాలేయం మళ్లీ పెరుగుతుంది. విరేచనాలు, పిత్తాశయంలో రాళ్లు, రక్తంలో చక్కెర మార్పులు వంటి దుష్ఫలితాలనూ దాచలేదు. అన్నీ విన్నాక నేను ఇంజెక్షన్‌కే ఒప్పుకున్నాను. నర్సు సిరంజిని ఫ్రిజ్ నుంచి తీసి అరగంట బయట ఉంచి, పిరుదు పైభాగంలో చర్మం కింద లోతుగా గుచ్చి, చిక్కటి మందును తొందరపడకుండా నెమ్మదిగా ఎక్కిస్తారు. మొదటి ఒకటి రెండు రోజులు కడుపు గడబిడగా ఉంటుంది. నా మట్టుకు మార్పు నడుము చుట్టుకొలతలో కంటే భోజనం దగ్గరే ముందు తెలిసింది.

కొన్ని లివర్ జబ్బులకు వాడే అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం అనే మందు కాలేయ పరిమాణాన్ని తగ్గించలేదని పరీక్షల్లో తేలిన సంగతినీ, కిడ్నీ తిత్తులకు ఇచ్చే టోల్వాప్టాన్ లివర్ తిత్తులకు ఉద్దేశించినది కాదన్న సంగతినీ క్లుప్తంగా చెప్పి ముగించారు. ఈస్ట్రోజెన్ తిత్తుల పెరుగుదలకు తోడ్పడుతుంది కాబట్టి, ఆ హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలను ఆపించి, వేరే పద్ధతికి మార్చారు. ఆడవారిలో ఈ వ్యాధి తీవ్రంగా ఉంటుందని తెలిసి కూడా ఈ ఒక్క ప్రశ్న అంతకుముందు నన్ను ఎవరూ అడగకపోవడం ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

వ్యాధిని పూర్తిగా తొలగించేది కాలేయ మార్పిడి ఒక్కటే. అయితే మార్పిడి కోసం వేచి ఉన్నవారి వరుసలో స్థానాన్ని నిర్ణయించే మెల్డ్ స్కోరు బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే వేగం, క్రియాటినిన్ వంటి అంకెల మీద ఆధారపడుతుంది. పనితీరు చెడని మాలాంటివారు ఎంత చిక్కి శల్యమైనా ఆ లెక్కలో వెనకబడే ఉంటారు. అందుకే మినహాయింపు పాయింట్ల కోసం ప్రత్యేకంగా దరఖాస్తు చేయవలసి వస్తుంది. నాకు ఇప్పుడు ఆ అవసరం లేదని చెబుతూనే, ఏ స్థితికి చేరితే ఆ చర్చ మొదలుపెడతారో కాగితంలో స్పష్టంగా రాసి ఇచ్చారు.

లోపాలు లేకపోలేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ వ్యాధి ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. ఇంత బరువైన విషయానికి ఈ క్లినిక్ కేటాయించినది ఒక కరపత్రమూ కొద్దిపాటి సంభాషణా మాత్రమే. ఎదిగిన పిల్లలకు ఎప్పుడు చెప్పాలి, జన్యుపరీక్ష చేయించాలా అన్న అక్క ప్రశ్నలకు సంతృప్తికరమైన సమాధానం రాలేదు. జన్యు సలహాదారును ఈ బృందంలో చేర్చుకోవడం తప్పనిసరి అని నేను గట్టిగా భావిస్తున్నాను. అలాగే జ్వరం, కుడిపక్క నొప్పి కలిసి వస్తే తిత్తికి ఇన్ఫెక్షన్ సోకి ఉండవచ్చనీ, ఆలస్యం చేయవద్దనీ హెచ్చరిస్తారే గాని, పనివేళలు దాటాక ఫోను చేస్తే ఎత్తేవారు ఈ వ్యాధి సంగతి తెలియని సిబ్బంది.

ఏ బాధా లేకుండా, వేరే పనికోసం తీసిన స్కాన్‌లో తిత్తులు కనబడినవారికి ఇంత పెద్ద సంప్రదింపు అవసరం లేదు. అటువంటివారిలో చాలామందికి ఏ చికిత్సా లేకుండానే జీవితం గడిచిపోతుంది. ఆపరేషన్ చేయించుకోమని ఒకరు, ఏమీ అక్కర్లేదని మరొకరు చెప్పగా మధ్యలో నలిగిపోతున్నవారికి మాత్రం ఇటువంటి క్లినిక్‌ను తప్పకుండా సూచిస్తాను. వెళ్లేటప్పుడు పాత స్కాన్ రిపోర్టులతో పాటు అసలు చిత్రాలున్న సీడీలను కూడా తీసుకువెళ్లాలి, ఎందుకంటే కాలేయం ఎంత వేగంగా పెరుగుతోందో వారు వాటి మీదే కొలుస్తారు.