సింగిల్‌లో రెండవ పాట ఎక్కడ?

ఒక బ్యాండ్ కొత్త సింగిల్, అంటే ఒక ప్రధాన గీతంతో విడిగా అమ్మే చిన్న రికార్డు, విడుదల చేసినప్పుడు అందులోని ప్రధాన గీతాన్ని గురించి రాసేవారు చాలామంది ఉంటారు. దానితో పాటు ఇచ్చిన తక్కిన సరుకును పరిశీలించి రాసేవారు తక్కువ. ప్రధాన గీతం రేడియోలో, స్ట్రీమింగ్ యాప్‌లో, వీడియోలో ఎలాగూ వినిపిస్తుంది, తరువాత వచ్చే ఆల్బమ్‌లోనూ సాధారణంగా చేరుతుంది. అయినా అభిమాని ప్రత్యేకంగా డబ్బు పెట్టి సింగిల్ కొంటున్నాడంటే, మరొకచోట దొరకనిది ఏదో అందులో ఉంటుందన్న నమ్మకంతోనే కొంటున్నాడు. అందుకే ఈ సమీక్షలో ఏ ఒక్క బ్యాండ్ విడుదలనో తీసుకోకుండా, సింగిల్ అనే వస్తువునే, ఏడంగుళాల రికార్డు, పన్నెండంగుళాల రికార్డు, సీడీ, డిజిటల్ అనే నాలుగు రూపాలలోనూ, ఆ నమ్మకంతో సరిచూస్తున్నాను. నా తీర్పు ముందే చెబుతాను: ఆల్బమ్‌లో లేని పూర్తి పాట ఒక్కటైనా లేని సింగిల్‌ను, దాని కవరు ఎంత అందంగా ఉన్నా, కొనమని చెప్పలేను.

ఈ కోరిక గొంతెమ్మ కోరిక కాదు, ఎందుకంటే సింగిల్ పుట్టుకలోనే రెండవ పాటకు చోటు ఉంది. 1949లో ఆర్‌సీఏ విక్టర్ సంస్థ నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడంగుళాల రికార్డును మార్కెట్లోకి తెచ్చినప్పుడు, అంతకు ముందున్న 78 చుట్ల రికార్డులలాగే దానికీ రెండు వైపులు ఉన్నాయి. ఒక వైపు అమ్ముడుపోయే పాట ఉంటే, రెండవ వైపును ఖాళీగా వదలలేక ఏదో ఒకటి నింపవలసి వచ్చేది. ఆ నిర్బంధం నుంచే బి-సైడ్ అనే గొప్ప సంప్రదాయం ఏర్పడింది. చార్టులో, అంటే అమ్మకాల పట్టికలో, నెగ్గవలసిన భారం మొదటి వైపైన ఎ-సైడ్ మోస్తుంది కనుక, రెండవ వైపున బ్యాండ్ తన ఇష్టం వచ్చినట్లు ప్రయోగం చేయగలిగేది. 1966లో బీటిల్స్ తమ ‘పేపర్‌బ్యాక్ రైటర్’ వెనుక ‘రెయిన్’ అనే పాటను పెట్టి, దాని చివర గొంతును వెనుక నుంచి ముందుకు తిప్పి వినిపించారు. అటువంటి పనిని ప్రధాన గీతంలో చేయడానికి ఎంత పేరున్న బృందమైనా ఒకసారి ఆలోచిస్తుంది. మరుసటి ఏడాది అదే బృందం ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’, ‘పెన్నీ లేన్’ రెండింటినీ సమాన హోదాతో ఒకే రికార్డు మీద ఇచ్చింది. ఆ రెండు పాటలూ ఆ ఏడాది బ్రిటన్‌లో వచ్చిన వారి ఆల్బమ్‌లో లేవు. ఒక సింగిల్ నుంచి అభిమాని ఆశించగలిగే గరిష్ఠ ప్రమాణం అదేనని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ సింగిల్ ఆల్బమ్‌కు ప్రకటన కాదు, తనంతట తానే ఒక కృతి.

వెనుక వైపున పెట్టిన పాట ముందు వైపు పాటను దాటిపోయిన సందర్భాలూ తక్కువేమీ కావు. గ్లోరియా గేనర్ పాడిన ‘ఐ విల్ సర్వైవ్’ 1978లో మొదట బి-సైడ్‌గానే వచ్చింది. క్వీన్ బృందం 1977లో ‘వి ఆర్ ది ఛాంపియన్స్’ వెనుక ‘వి విల్ రాక్ యు’ను ఇచ్చింది, ఈనాడు ఆ రెండింటినీ విడదీసి తలచుకోవడమే కష్టం. స్మిత్స్ బృందం 1984లో విడుదల చేసిన ఒక పన్నెండంగుళాల సింగిల్‌లో వెనుక వైపున రెండు పాటలు ఉన్నాయి, వాటిలో ఒకటి ‘హౌ సూన్ ఈజ్ నౌ?’. ఆ బృందాన్ని తలచుకున్నప్పుడు శ్రోతలకు ముందుగా గుర్తుకు వచ్చే పాటలలో అది ఒకటి. అది మొదటిసారి బయటికి వచ్చింది మాత్రం మరొక పాట పేరుతో అమ్మిన రికార్డు వెనుక వైపున. ఏ పాట నిలుస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరని ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి. రెండవ పాటకు చోటు తీసివేస్తే ఇటువంటి పాటలు బయటికి వచ్చే దారే మూసుకుపోతుంది.

ఇప్పుడు డిజిటల్ సింగిల్‌ను చూద్దాం. దీనికి రెండవ వైపు లేదు, నింపవలసిన ఖాళీ లేదు, నిడివికి హద్దు లేదు. ఇంత స్వేచ్ఛ ఉన్న రూపంలో అభిమానికి ఎక్కువ దక్కాలి. కానీ జరుగుతున్నది దీనికి విరుద్ధం. చాలా విడుదలలలో ఒకే ఒక్క ట్రాక్ ఉంటుంది. కొన్నింటిలో ట్రాకుల పట్టిక పొడవుగానే కనిపిస్తుంది, తెరిచి చూస్తే అదే రికార్డింగును వేగం పెంచినది ఒకటి, వేగం తగ్గించినది ఒకటి, గొంతు తీసివేసినది ఒకటి, వాద్యాలు తీసివేసినది ఒకటి. ఒక బ్యాండ్ ఈ పద్ధతిలో ఇచ్చిన సింగిల్‌ను నేను మొదటి ట్రాక్ నుంచి చివరి దాకా శ్రద్ధగా విన్నాను. వేగం మార్చిన ట్రాకులలో ఆ సంగీతకారులు కొత్తగా వాయించిన స్వరం ఒక్కటి కూడా లేదు. చిన్న వీడియోల మీద వాడుకునేవారికి అటువంటి ట్రాకు పనికివస్తుందని ఒప్పుకుంటాను, వాటిని ఉచితంగా అందుబాటులో ఉంచితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. వాటిని అదనపు సరుకుగా లెక్కకట్టి అమ్మడమే అభ్యంతరకరం.

ఈ నాలుగింటిలో గొంతు తీసివేసిన ట్రాకును మాత్రం వేరుగా చూడాలి, ఎందుకంటే అభిమానులు దానిని నిజంగానే కోరుకుంటారు. పాడుకోవాలనుకునేవారికి అది అవసరం; అంతకంటే ముఖ్యంగా, గాయకుడి గొంతు వెనుక అణిగిపోయిన బాస్ గిటార్ నడకను, కీబోర్డు పొరలను, డ్రమ్స్‌లోని చిన్న చిన్న మెరుపులను విడిగా వినడానికి అదొక్కటే మార్గం. అయితే ఇక్కడ ఒక నాణ్యత పరీక్ష ఉంది. గొంతునూ ఒక్కో వాద్యాన్నీ విడివిడిగా పట్టిన అసలు మల్టీట్రాక్ రికార్డింగుల నుంచి గొంతును నిలిపివేసి, తిరిగి మిక్స్ చేసి ఇచ్చినది ఒక రకం. పూర్తయిన పాట మీద సాఫ్ట్‌వేర్‌ను నడిపి గొంతును తుడిచివేసినది ఇంకొక రకం. రెండవ రకంలో డ్రమ్స్‌తో వాయించే తాళాల (సింబల్స్) మోత చివరలు నలిగినట్లు వినిపిస్తాయి, గొంతు ఉన్నచోట నీడలాంటి శేషం మిగులుతుంది. అసలు ట్రాకులు చేతిలో ఉన్న బ్యాండ్ రెండవ రకాన్ని ఇవ్వడానికి సమర్థన లేదు.

రీమిక్సుల, అంటే అదే పాటను తిరిగి కూర్చి చేసిన రూపాల, విషయంలో అభిమానులు రెండు వర్గాలుగా చీలి ఉన్నారు. నాకు రీమిక్సుల మీద విముఖత లేదు. పన్నెండంగుళాల సింగిల్ అనే రూపం 1970లలో డిస్కో నాట్యశాలల కోసమే స్థిరపడింది. పెద్ద రికార్డు మీద గాడులు వెడల్పుగా చెక్కవచ్చు కనుక ధ్వని బలంగా, మంద్రస్వరాలు నిండుగా పలుకుతాయి, పాటను సాగదీసే చోటూ దొరుకుతుంది. 1983లో న్యూ ఆర్డర్ బృందం ‘బ్లూ మండే’ను ఈ రూపంలోనే విడుదల చేసింది. ఏడు నిమిషాలు దాటే ఆ పాట వెనుక వైపున ‘ది బీచ్’ అనే ట్రాక్ ఉంది. అది అదే పాటకు వాద్యప్రధానమైన రూపాంతరం, అయినా వినేవారికి మోసపోయామన్న భావన కలగదు; పాట ఎముకలను విప్పి కొత్తగా కూర్చినట్లు ఉంటుంది, దానికి విడిగా పేరు పెట్టడం కూడా న్యాయంగానే తోస్తుంది. అదే పనిగా ఐదుగురు నిర్మాతల చేత ఐదు రీమిక్సులు చేయించి, ఐదింటికీ ఒకే డ్రమ్ బీట్ తగిలించే విడుదలలను దీనితో పోల్చలేము. ఒక్క మంచి రీమిక్స్ చాలు.

లైవ్ రికార్డింగులకు, డెమోలకు అభిమానులు ఇచ్చే విలువను సంస్థలు తక్కువగా అంచనా వేస్తున్నాయి. ప్రధాన గీతం స్టూడియోలో తుది రూపానికి రాకముందు ఎలా ఉండేదో చూపే డెమోలో చరణం ముందు పుట్టిందా, పల్లవి ముందు పుట్టిందా, ఏ వాక్యాన్ని కొట్టివేశారు, శ్రుతి ఎందుకు మార్చారు అన్నవి వినికిడికే తెలుస్తాయి. లైవ్ ట్రాక్ ఇస్తే పాత పాటను ఇవ్వడం మంచిది. కొత్త పాటను కచేరీలో ఇంకా పట్టుమని పదిసార్లు వాయించకముందే రికార్డు చేస్తే అది స్టూడియో పాటకు నకలుగానే మిగులుతుంది. వేరే బృందం పాటను తమ పద్ధతిలో పాడి ఇవ్వడం కూడా సింగిల్‌కు చక్కగా అమరుతుంది, ఎందుకంటే ఆల్బమ్ కథనంలో ఇమడని ఆ ప్రయత్నానికి ఇక్కడ సహజంగా చోటు దొరుకుతుంది.

సీడీ సింగిల్‌ను తలచుకున్నప్పుడు మెచ్చుకోలు, ఫిర్యాదు రెండూ కలుగుతాయి. 1990లలో బ్రిటన్ బృందాలు ఈ రూపంలో ధారాళంగా పాటలు ఇచ్చాయి. 1995లో ఒయాసిస్ విడుదల చేసిన ‘సమ్ మైట్ సే’లో ‘అక్వీయెస్’ బి-సైడ్‌గా వచ్చింది. బృందంలోని అన్నదమ్ములిద్దరూ గొంతు పంచుకున్న ఆ పాటను ఏ ఆల్బమ్‌లోనైనా ప్రధాన గీతంగా నిలపవచ్చు. కానీ ఆ కాలంలోనే ఒకే సింగిల్‌ను రెండు సీడీలుగా విడగొట్టి, రెండింటిలోనూ వేర్వేరు అదనపు పాటలు పెట్టి, అభిమాని చేత ప్రధాన గీతాన్ని రెండుసార్లు కొనిపించే పద్ధతి బలపడింది. ఇది చార్టు స్థానం కోసం పుట్టిన పద్ధతే తప్ప శ్రోత కోసం పుట్టినది కాదు. దాని వారసత్వం నేటికీ కొనసాగుతోంది: కొరియా పాప్ విడుదలలలో ఏ సభ్యుడి ఫొటోకార్డు వస్తుందో తెరిచేదాకా తెలియదు, జపాన్‌లో ఏకేబీ48 అనే అమ్మాయిల పాప్ బృందం సింగిళ్లతో సభ్యులకు కరచాలనం చేసే కార్యక్రమాల టికెట్లు, అభిమానుల ఎన్నికలో ఓటు వేసే పత్రాలు ఇచ్చారు. అభిమాన తారకు దగ్గర కావాలన్న కోరిక నిజమైనదే, దానిని నేను చులకన చేయను. అయితే ఒకే డిస్కును పదే పదే కొని, కావలసిన కార్డు తీసుకుని డిస్కును వినకుండా పక్కన పడేసే పరిస్థితి వచ్చినప్పుడు ఆ వస్తువును సంగీతంగా సమీక్షించడం సాధ్యం కాదు.

ఫొటోకార్డు కంటే నేను విలువిచ్చే కాగితం మరొకటి ఉంది. పాట సాహిత్యం పూర్తి పాఠం, ఎవరు ఏ వాద్యం వాయించారు, ఎక్కడ రికార్డు చేశారు, ఎవరు మిక్స్ చేశారు, ఎవరు మాస్టరింగ్ చేశారు అన్న వివరాలు ఉన్న కాగితం. సింగిల్‌లో ఉన్న ప్రతి ట్రాకుకూ ఈ వివరాలు విడిగా ఉండాలి, ఎందుకంటే బి-సైడ్‌ను వేరే సమయంలో, వేరే చోట, ఒక్కొక్కసారి వేరే డ్రమ్మర్‌తో రికార్డు చేసి ఉంటారు. డిజిటల్ విడుదలలో ఈ కాగితానికి బదులు ఒక పీడీఎఫ్ జతచేయడం పెద్ద పని కాదు, అయినా చేస్తున్నవారు అరుదు. కవరు చిత్రం కూడా ఆల్బమ్ కవరుకు రంగు మార్చినది కాకుండా సింగిల్ కోసమే గీసినదై ఉండాలి. ‘బ్లూ మండే’ కవరు మీద బృందం పేరు గానీ పాట పేరు గానీ అక్షరాలలో లేదు. అంచున ఉన్న రంగుల గడులే ఆ పేర్లు, వాటిని చదివే సూచిక అదే ఏడాది వచ్చిన ఆల్బమ్ వెనుక ఇచ్చారు. కొన్నవారికి కొంత పని అప్పగించిన ఆ కవరును ఇప్పటికీ చేతిలోకి తీసుకుని చూడాలనిపిస్తుంది.

ఏడంగుళాల రికార్డు కొనేవారు నిడివిని కూడా గమనించాలి. 45 చుట్ల వేగంలో ఒక్కో వైపు నాలుగైదు నిమిషాల లోపు ఉంటేనే ధ్వని హాయిగా ఉంటుంది. అంతకు మించి కూరితే గాడులు ఇరుకై ధ్వనిస్థాయి తగ్గించవలసి వస్తుంది. ఏడు నిమిషాలు దాటిన ‘హే జూడ్’ 1968లో ఈ పరిమాణంలోనే వచ్చి విజయం సాధించింది కనుక అది అసాధ్యమని అనను. ప్రధాన గీతం పొడవైనదైతే రేడియో కోసం కత్తిరించిన రూపాన్ని మాత్రమే రికార్డు మీద పెట్టి పూర్తి రూపాన్ని ఆల్బమ్‌కు దాచుకోవడం కంటే, పన్నెండంగుళాలకు మారడం నిజాయితీ గల పరిష్కారం. డిజిటల్‌లోనైతే కత్తిరించినదీ పూర్తిదీ రెండూ ఇవ్వాలి, ధ్వని నాణ్యత తగ్గించని ఆడియో ఫైలు కూడా కొన్నవారికి దక్కాలి.

చివరిగా, పరిమిత సంఖ్యలో అమ్మిన సింగిల్‌లోని ప్రత్యేక గీతం తరువాత ఏమవుతుందన్న ప్రశ్న ఉంది. ఆలస్యంగా బ్యాండ్‌ను తెలుసుకున్నవారికి ఆ పాట ఎప్పటికీ అందకపోవడం సరికాదు, ముందే కొన్నవారి శ్రద్ధకు గుర్తింపు లేకపోవడమూ సరికాదు. స్మిత్స్ బృందం 1984 చివరలోనే ‘హ్యాట్‌ఫుల్ ఆఫ్ హాలో’ అనే సంకలనంలో తమ సింగిళ్లను, బి-సైడ్‌లను, రేడియో రికార్డింగులను కలిపి ఇచ్చింది. ఒయాసిస్ 1998లో ‘ది మాస్టర్‌ప్లాన్’ పేరుతో తమ బి-సైడ్‌లను ఒకచోట చేర్చింది. సింగిల్ మీద ఆసక్తి ఉండగానే కొన్నవారికి ముందుగా, కొంత వ్యవధి తరువాత సంకలనంగా అందరికీ అనే ఈ క్రమం నాకు అన్నిటికంటే న్యాయంగా కనిపిస్తుంది. డిజిటల్ రూపంలో సింగిళ్లు విడుదల చేసే బ్యాండ్‌లకు దీనిని పాటించడం మరింత సులువు, సంకలనానికి సరిపడా రెండవ పాటలను వారు ముందు రికార్డు చేసి ఉంచితే.