ఉప్పుగాలిలో 12 ఏళ్లు: స్టీరియో ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు

ఈ ఆంప్లిఫయర్‌కు ముందు నాలుగు నాబ్‌లు, వెనక ఆడియో తీగలు గుచ్చే ఆర్‌సీఏ సాకెట్లు, లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్. ఇందులో నేర్చుకోవలసింది అంతే. చెన్నై బీసెంట్ నగర్‌లో 12 ఏళ్లుగా రోజూ మోగుతోంది. చెడిపోలేదని కాదు, మూడుసార్లు చెడింది. మూడుసార్లూ జబ్బేమిటో చెవికే తెలిసింది.

మొదటిది సముద్రపు గాలి పుణ్యం. వాల్యూమ్ తిప్పితే బరబర, ఒక్కోసారి ఎడమ స్పీకర్ మూగబోవడం. వాల్యూమ్ నాబ్ వెనకుండే పొటెన్షియోమీటర్ (పాట్) లోపలి కార్బన్ పట్టీ మీద మురికి చేరింది. ప్లగ్ పీకి, పైమూత విప్పి, పాట్ కాళ్ల దగ్గరి సందులో కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు 30 సార్లు తిప్పి, గంటసేపు ఆరనివ్వాలి. తలుపు మడతబందులకు కొట్టే నూనె స్ప్రే మాత్రం వద్దు. అది ఆరకుండా ఉండిపోయి దుమ్ము పడుతుంది.

రెండోది గుంయ్‌మనే హమ్. వాల్యూమ్ సున్నాలో ఉన్నా అంతే వినిపిస్తే తప్పు పవర్ సప్లైది. వాల్యూమ్‌తో పాటు పెరిగితే ముందు కేబుల్ మార్చి చూడండి. ఇక్కడ తప్పు పవర్ సప్లైదే: కరెంటును చదును చేసే 4700 మైక్రోఫారడ్, 50 వోల్టుల ఫిల్టర్ కెపాసిటర్లు రెండూ ఎండిపోయాయి. మౌంట్ రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో 63 వోల్టులు, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం అడగండి. అవి కాస్త లావు, అందుకని కాళ్ల మధ్య దూరం కొలుచుకుని వెళ్లాలి. ప్లగ్ పీకినా వాటిలో చార్జ్ మిగులుతుంది: ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను రెండు కాళ్లకూ అర నిమిషం ఆనించి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి. కొత్తది బిగించేటప్పుడు దాని మీది మైనస్ గీత తారుమారైతే కెపాసిటర్ పేలుతుంది.

మూడోది స్పీకర్ అంచు ఫోమ్, పొడిపొడిగా రాలింది. బదులు రబ్బరు రింగు వేయించాం. కోన్‌ను రెండు వేళ్లతో సమంగా నొక్కినప్పుడు లోపల ఒరుసుకునే చప్పుడొస్తే జిగురు ఆరకముందే సర్దాలి.

అదే గదిలోని వైఫై స్పీకర్‌కు నాలుగేళ్లే. కరెంటు పోయి వస్తే అది రౌటర్ కంటే ముందే లేచి, వైఫై దొరక్క ఎర్రలైటు వేసుకు కూర్చుంటుంది. మళ్లీ ప్లగ్ పీకి పెట్టాలి. పాస్‌వర్డ్ మారిస్తే సెటప్ మొదటికొస్తుంది. పాట ఆగితే తప్పు రౌటర్‌దా, యాప్‌దా, ఎక్కడో ఉన్న సర్వర్‌దా? చెప్పే దిక్కులేదు. విప్పుదామంటే ఒక్క స్క్రూ కనబడదు, అంతా జిగురే.

ఆంప్లిఫయర్‌కు రిమోట్ లేదు, జరపాలంటే ఇద్దరు కావాలి. ఫోన్ పాటలకు ఆక్స్ సాకెట్‌లో (బయటి పరికరాలు తగిలించేది) చిన్న బ్లూటూత్ రిసీవర్ తగిలిస్తే సరి. చెడినా పోయేది ఆ అగ్గిపెట్టంత డబ్బానే. టీవీకైతే ఆప్టికల్ కేబుల్ తీసుకునే డీఏసీ (డిజిటల్ ధ్వనిని ఆంప్లిఫయర్‌కు పనికొచ్చేలా మార్చే డబ్బా) పెట్టి, టీవీ మెనూలో డిజిటల్ ఆడియోను పీసీఎంకి, అంటే కుదించని మామూలు రూపానికి, మార్చాలి. డాల్బీ అనే కుదించిన రూపంలో వదిలేస్తే మామూలు డీఏసీలో పాట రాదు, పాపం నింద ఆంప్లిఫయర్ మీద పడుతుంది.