నల్గొండలో ఇంటి నుంచి పనా, హైదరాబాద్‌లో రూమా: ఏది మేలు?

దసరాకు ఊరికొచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు అడిగేది ఒకటే: "అన్నా, రూమ్ ఖాళీ చేసి వచ్చేయమంటవా?" కంపెనీ పూర్తిగా ఇంటి నుంచే చేసుకోమన్నవాళ్లూ అడుగుతున్నారు, వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మన్నవాళ్లూ అడుగుతున్నారు. కిరాయి మిగులుతుంది, ఫైబర్ నెట్ ఉంది, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. వాటి గురించి చెప్పేదేం లేదు. నా లెక్కలో తేల్చేది మీ షిఫ్టు.

నల్గొండలో మనుషులు కలిసేది సాయంత్రం ఆరు, తొమ్మిది మధ్యన. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో నడక, క్లాక్‌టవర్ దగ్గర చాయ్, ప్రకాశం బజార్‌లో పని, చుట్టాలింటికి పోయి రావడం, అన్నీ అప్పుడే. తొమ్మిదిన్నర దాటితే ఇంట్లో పెద్దవాళ్లు పడుకుంటారు. మీ క్లయింట్ అమెరికా తూర్పు తీరంలో ఉంటే, అక్కడ పొద్దున తొమ్మిదంటే మనకు సాయంత్రం ఆరున్నర. నవంబరు నుంచి మార్చి దాకా ఏడున్నర. ఊరంతా బయటికొచ్చే వేళకు మీరు హెడ్‌సెట్ పెట్టుకుని తలుపేసుకుంటారు. పగలంతా ఖాళీయే, కానీ మీతో కూర్చునేదెవరు? తోటివాళ్లు సగం మంది హైదరాబాద్‌లో, ఉన్నవాళ్లు దుకాణాల్లో, బడుల్లో. పోనీ నిద్రపోదామంటే కుక్కర్ విజిల్, గేటు చప్పుడు, "ఇంట్లనే ఉన్నవు కదా, జర బ్యాంకుకు పోయి రా".

ఆ "ఇంట్లనే ఉన్నవు కదా" దగ్గరే అసలు చిక్కు. హైదరాబాద్‌లో ఉండి పెళ్లికి రాకపోతే "పాపం, లీవు దొరకలేదట" అని వాళ్లే సర్దిచెప్పుకుంటారు. నల్గొండలో ఉండి రాకపోతే "ఊళ్లె ఉండి కూడ రాలే" అంటారు, ఆ మాట ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఈమధ్య ఒక దశదినకర్మలో చూశాను: టెంట్ వెనక ప్లాస్టిక్ కుర్చీలో ఒకబ్బాయి, ఒళ్లో లాప్‌టాప్. మ్యూట్ తీసినప్పుడల్లా వడ్డించేవాళ్లను చెయ్యెత్తి ఆపుతున్నాడు. అటు పనీ కాలేదు, ఇటు పలకరింపూ కాలేదు.

రాత్రి షిఫ్టు వాళ్లకు హైదరాబాద్ రూమే నయమని నేననేది ఇందుకే. అర్ధరాత్రి కాల్ అయ్యాక మాట్లాడటానికి మెలకువగా ఉన్న రూమ్మేట్ ఒకడుంటాడు, పగలు పడుకుంటే తలుపు కొట్టేవాడుండడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లూ అక్కడే ఉండాలి. సీనియర్ పక్కన కూర్చుంటే ఒక్క పూటలో తెలిసేది ఇంట్లో చాట్ పెట్టి అడిగితే వారం పడుతుంది.

పొద్దుటి షిఫ్టయితే మాత్రం నేను కళ్లు మూసుకుని నల్గొండే అంటాను. ఆరింటికి లాప్‌టాప్ మూస్తే ఆరుంబావుకల్లా గ్రౌండ్‌లో ఉంటారు. మనవాళ్ల రూములు ఎక్కువగా దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపే కాబట్టి, హైదరాబాద్‌లో ఉంటే అదే వేళకు రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారడానికి మెట్ల మీద గుంపులో నిలబడతారు. రూముకు చేరాక ఎవరినైనా కలిసే ఓపిక ఉంటుందా? ఇక్కడ అమావాస్యకు అమ్మను చెర్వుగట్టు గుడికి తీసుకెళ్లాలన్నా, నాన్నకు షుగర్ టెస్ట్ చేయించాలన్నా లీవు గురించి ఆలోచించే పనే లేదు. యూకే క్లయింటయితే పని మధ్యాహ్నం ఒకటిన్నరకో రెండున్నరకో మొదలవుతుంది. సాయంత్రాలు పోయినా పొద్దున నడిచే బ్యాచ్ దొరికితే నడిచిపోతుంది.

మిగతా దారులు రెండు ముక్కల్లో. నల్గొండ నుంచి రోజూ అప్ అండ్ డౌన్ వద్దు. పోను వంద కిలోమీటర్లు, పైగా ఐటీ ఆఫీసులు ఎక్కువగా నగరానికి అటు చివరన ఉన్నాయి. షాద్‌నగర్ వాళ్లు శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి, ఊళ్లోకి రాకుండానే ఆఫీసుల వైపు పోతారు కాబట్టి వాళ్ల కథ వేరు. మూడు రోజులు హాస్టల్, మిగతా రోజులు ఇల్లు అంటే కుదురుతుంది గానీ హాస్టల్‌కు నెలంతటి డబ్బూ కట్టాల్సిందే, బ్యాగు ఎప్పుడూ సర్దే ఉంటుంది. 2023లో నల్గొండలోనూ, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ ఐటీ టవర్లు తెరిచారు. మీ కంపెనీ అందులో ఉంటే అదృష్టవంతులు, ఈ గొడవే లేదు.

రూమ్ ఖాళీ చేసే ముందు మాత్రం షిఫ్టు సంగతి మేనేజర్‌తో మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మి సామాను వ్యాన్‌కెక్కించి, ప్రాజెక్టు మారగానే మళ్లీ అడ్వాన్సు కట్టినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.