మెర్లిన్ సౌండ్ ఐడీ: కోనసీమ తోటల్లో ఎంతవరకు నమ్మొచ్చు?

కార్నెల్ యూనివర్సిటీ పక్షిశాస్త్ర ల్యాబ్ ఉచితంగా ఇచ్చే మెర్లిన్ యాప్‌లో సౌండ్ ఐడీ 2021లో వచ్చింది. పిట్ట కూస్తుంటే విని పేరు చెబుతుంది. మన ప్రాంతపు ప్యాక్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే లంకల్లో సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. కోయిల, తీతువు లాంటి తెలిసిన గొంతులకు హాయిగా వాడొచ్చు. చిక్కంతా అనుకరించే పిట్టలతోనే.

కరెంటు తీగ మీద కూర్చునే ఏట్రింతనే తీసుకోండి. జాలె డేగలా (ఇంగ్లీషులో షిక్రా) అరిచి గోరువంకల్ని బెదరగొట్టి, అవి వదిలేసిన పురుగును ఎత్తుకుపోతుంది. యాప్‌కి అందేది అరుపు ఒక్కటే కాబట్టి షిక్రా అని చూపించే అవకాశం ఉంది. పేరు రాగానే ఆపేయకుండా ఇంకో రెండు నిమిషాలు నడవనివ్వండి. ఏట్రింతైతే మధ్యలో తన గరగర గొంతు బయటపెడుతుంది. పొడవు తోక శ్రైక్ ఇంకా గడుసుది. తీతువునే కాదు, ఉడతనూ కుక్కపిల్లనూ కూడా పలికిస్తుంది. ఒకే కొమ్మ నుంచి వరసగా నాలుగు పేర్లు వస్తే అనుమానించాల్సిందే.

ఈ యాప్‌లో పేరు కన్నా విలువైనది తెర మీద కదిలే స్పెక్ట్రోగ్రామ్. అడ్డంగా కాలం, నిలువుగా శ్రుతి, గీత ముదిరినచోట గట్టి శబ్దం. పక్కపక్క తోటల్లో పాడే రెండు పెద్దనల్లంచి మగపిట్టల్ని రికార్డు చేస్తే, ఒకదాని ఈల చివర గీత పైకి లేవడం, రెండోదానిది జారిపోవడం లాంటి తేడాలు కంటికే దొరుకుతాయి. యాప్ రెండింటికీ ఒకే పేరు పెడుతుంది; ఏది ఏ పిట్టో తేల్చుకోవాల్సింది మనమే. ఒక్కో పిట్టకు చాలా వరసలు ఉంటాయి కాబట్టి ఒక పూట రికార్డుతో తేల్చేయకూడదు. అదే కొమ్మ దగ్గర మూడు ఉదయాలు, పూటకు కనీసం ఐదు నిమిషాలు తీయండి. యాప్ దాచే ఆ డబ్ల్యూఏవీ ఆడియో ఫైళ్లను కంప్యూటర్లో శబ్దాన్ని బొమ్మగా చూపే రేవెన్ లైట్‌లోనో ఆడాసిటీలోనో తెరవండి. రెండూ ఉచితమే. రెండు బొమ్మలకూ కాలం, శ్రుతి కొలతలు ఒకేలా పెట్టకపోతే లేని తేడా కనిపిస్తుంది.

డెల్టాలో పెద్ద శత్రువు చేపలు, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరియేటర్ల రొద. అది స్పెక్ట్రోగ్రామ్ అడుగునంతా కమ్మేస్తే జెముడుకాకి ఊప్ ఊప్ అందులో మునిగిపోతుంది. చెరువు గట్టో ఇంటి గోడో అడ్డం వచ్చేలా నిలబడండి. ఎండెక్కి సముద్రపు గాలి లేచాక కొబ్బరాకుల చప్పుడు మొదలవుతుంది, ఈలోపే పని ముగించాలి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, అడుగున ఉండే మైకును చేత్తో మూయకుండా పిట్ట వైపు తిప్పండి. గూడు కట్టే రోజుల్లో రికార్డు మళ్లీ వినిపించి పిట్టను పిలవడం మాత్రం వద్దు. పరాయి మగపిట్ట వచ్చిందనుకుని గూడు వదిలి పోరుకొస్తుంది.

రికార్డు ఆపే ముందు అందులోనే తోట, చెట్టు, టైము, పిట్ట కంటికి కనిపించిందో లేదో నోటితో చెప్పండి. కంటితో చూడని జాలె డేగను, చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్ జాబితాలో వేయకండి.